ఏజెంట్ సరైన టూల్ పట్టుకుంటోందా? టూల్ వివరణలను పరీక్షించే పద్ధతి, మెట్టు మెట్టుగా

కడపలో చిన్న పిల్లోడిని అంగడికి పంపి "గడ్డలు తేపో" అంటే ఏం తెస్తాడో చెప్పలేం. ఎర్రగడ్డా గడ్డే, తెల్లగడ్డా గడ్డే, ఉర్లగడ్డా గడ్డే. వాడు ఏది తెచ్చినా తప్పు పంపినవాళ్లదే. ఏఐ కోడింగ్ ఏజెంట్‌కు (చెప్పిన పనికి తానే కోడ్ చదివి, మార్చే ప్రోగ్రామ్‌కు) మనం రాసిచ్చే టూల్స్ (అది పిలిచి వాడుకునే ఫంక్షన్లు) జాబితాలో చాలావరకు ఇలాంటి "గడ్డలే" ఉంటాయి.

నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు మూడు. "టూల్ రాసిచ్చినా ఏజెంట్ దాన్ని ముట్టడం లేదు." "టెస్టులు నడపమంటే డేటాబేస్ తుడిచేసింది." "వివరణ మార్చాను, బాగుపడిందో లేదో ఎలా తెలుస్తుంది?" ఈ మార్గదర్శి మూడో ప్రశ్నకు జవాబు. అది వస్తే మొదటి రెండింటికి దారి దొరుకుతుంది. వివరణను చదివి బాగుందని మురిసిపోవద్దు, ఏజెంట్ చెయ్యి ఎటు పోతోందో లెక్కపెట్టండి.

ఉదాహరణలన్నీ మేం కర్నూలులో చేస్తున్న ఒక చిన్న ప్రాజెక్టు నుంచి ఇస్తాను. మార్కెట్ యార్డులో ఉల్లి, బుడ్డలు (వేరుశనగ) కొనే కమీషన్ దుకాణాలకు లెక్కల సాఫ్ట్‌వేర్ అది. పైథాన్ కోడ్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. ఏజెంట్‌కు ఏడు టూల్స్ ఇచ్చాం: సెర్చ్ కోడ్ (కోడ్‌లో మాటలు వెతికేది), ఫైండ్ సింబల్ (ఫంక్షన్ లేదా క్లాస్ ఎక్కడ నిర్వచించారో చూపేది), రీడ్ ఫైల్, ఎడిట్ ఫైల్, రన్ టెస్ట్స్, క్వెరీ డీబీ, రీసెట్ డీబీ. అసలు వివరణలు ఇంగ్లీషులో ఉంటాయి, ఇక్కడ వాటి భావం తెలుగులో ఇస్తున్నాను.

## 1. మోడల్‌కు ఏం కనిపిస్తోందో ముందు చూడండి

టూల్ లోపలి కోడ్ మోడల్‌కు, అంటే ఏజెంట్‌ను నడిపే ఏఐకి, కనిపించదు. దానికి అందేది టూల్ పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా. స్కీమా అంటే ఏ ఆర్గ్యుమెంట్లు ఇవ్వాలి, వాటి రకాలేమిటి, ఒక్కోదాని పక్కన రాసిన చిన్న మాట ఏమిటి అన్నది. ఎంసీపీ (ఏజెంట్‌కు టూల్స్ అందించే ఒక ఉమ్మడి పద్ధతి) సర్వర్ ద్వారా ఇచ్చినా, ఏపీఐలో నేరుగా ఇచ్చినా ఇదే తీరు. కింద "వివరణ" అని రాసిన ప్రతిచోటా ఈ మూడూ కలిపి అని చదువుకోండి.

మోడల్‌కు వెళ్లే జాబితాను, వెళ్లే రూపంలోనే, ఒక ఫైల్‌లోకి దించండి. ఈ మెట్టు దాటేసి మేం రెండు రోజులు పోగొట్టుకున్నాం. మేం వాడిన ఫ్రేమ్‌వర్క్ డాక్‌స్ట్రింగ్‌లో (కోడ్‌లోనే ఫంక్షన్ కింద రాసే వివరణలో) మొదటి పేరాను మాత్రమే పంపుతోంది. "ఎప్పుడు వాడకూడదు" అని రాసుకున్నది రెండో పేరాలో ఉంది. మోడల్ చూడని పేరాలో మాటలు మార్చుకుంటూ కూర్చున్నాం.

జాబితాలో మీరు రాసిన టూల్స్‌తో పాటు ఏజెంట్‌కు ముందే ఉన్నవీ రాసుకోండి. వాటిలో ముఖ్యమైనది షెల్, అంటే కమాండ్లు నడిపే చోటు. షెల్ చేతిలో ఉన్న ఏజెంట్‌కు మీ సెర్చ్ టూల్ లేకపోయినా గడుస్తుంది, గ్రెప్ (ఫైళ్లలో మాటలు వెతికే కమాండ్) కొట్టుకుంటుంది. మీ టూల్‌కు అసలు పోటీదారు అదే. గ్రెప్‌తో రానిది ఇందులో ఏం వస్తుందో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే, వివరణ మార్చే ముందు ఆ టూల్ అవసరమా అని ఆలోచించండి. మేం అలా ఒకటి తీసేశాం, ఏమీ నష్టం రాలేదు.

## 2. సరంజామా సిద్ధం చేసుకోండి

- మోడల్ పేరు, వెర్షన్ రాసి పెట్టుకోండి. "లేటెస్ట్" అన్న పేరుతో నడపొద్దు. మధ్యలో అది మారితే మీ లెక్క చెడుతుంది.
- కోడ్ రిపోను ఒక కమిట్ దగ్గర ఆపండి. ప్రతి రన్‌కూ (ఒక పనిని ఒకసారి నడపడానికి) అక్కడి నుంచి కొత్త కాపీ తీయండి.
- ప్రతి రన్ కొత్త సంభాషణలో మొదలవ్వాలి. పాత చాట్ కొనసాగిస్తే ముందు వాడిన టూల్‌నే మళ్లీ వాడే మొగ్గు ఉంటుంది.
- డేటాబేస్ టెస్టుది మాత్రమే, అదీ మిగతా వాటి నుంచి వేరుచేసిన కంటైనర్‌లో. అసలు దుకాణం లెక్కలకు దారి ఉండకూడదు.
- సిస్టమ్ ప్రాంప్ట్ (మోడల్‌కు ముందుగా ఇచ్చే సూచనలు), టెంపరేచర్ (జవాబులు ఎంత మారుతూ రావాలో చెప్పేది) వగైరా సెట్టింగులు అన్ని రన్లకూ ఒకటే.
- ప్రతి రన్ పూర్తి లాగ్ విడి ఫైల్‌లో పడాలి: ఏ టూల్, ఏ ఆర్గ్యుమెంట్లు, ఏం తిరిగొచ్చింది.

చివరిది ఎండాకాలం నేర్పిన పాఠం. మధ్యాహ్నం కరెంటు పోయి వంద రన్లు సగంలో ఆగాయి. అన్నీ ఒకే ఫైల్‌లో రాస్తున్నాం కాబట్టి మొదటి నుంచీ మళ్లీ నడపాల్సి వచ్చింది, డబ్బులు రెండుసార్లు కట్టాల్సి వచ్చింది.

ఇంకో సంగతి. రిపోలో ఏజెంట్స్ డాట్ ఎండీ లాంటి సూచనల ఫైల్ ఉంటే చూసుకోండి. అందులో "సింబల్ వెతకాలంటే ఫైండ్ సింబల్ వాడు" అని ఉంటే మీరు పరీక్షిస్తున్నది ఆ ఫైల్‌ను, టూల్ వివరణను కాదు. పరీక్ష కాపీలో ఆ వాక్యాలు తీసేయండి.

## 3. ముందు మనిషి మీద ప్రయత్నించండి

ఖర్చులేని పరీక్ష ఇది. ఈ ప్రాజెక్టు తెలియని సహోద్యోగి ఒకరికి దించిన జాబితా ఇచ్చి, పది పనులు చెప్పి, ఒక్కోదానికి ఏ టూల్ వాడతారో, ఏ విలువలు ఇస్తారో రాయమనండి. "అన్నా, ఈ రెండింటికీ తేడా ఏమి?" అని ఎక్కడ అడుగుతారో అక్కడ గుర్తు పెట్టుకోండి. ఏజెంట్ అలా అడగకుండా ఒకటి ఊహించుకుని ముందుకు పోతుంది.

## 4. పరీక్ష పనులు రాయండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. పనులు సరిగ్గా లేకపోతే తర్వాత ఎన్ని శాతాలు తీసినా నీటి మీద రాతలే. ముప్పై పనులతో మొదలుపెట్టండి, అవి ఈ ఐదు రకాల్లోనూ ఉండాలి.

సూటి పనులు. "లాట్ మొత్తం లెక్కకట్టే ఫంక్షన్ ఎక్కడ ఉంది?" జవాబు ఫైండ్ సింబల్. ఇలాంటివి ఐదారు చాలు, వీటిలో తప్పే ఏజెంట్లు తక్కువ.

వాడేవాళ్ల భాషలో పనులు. "రైతు చీటీలో హమాలీ రెండుసార్లు పడుతోంది, చూడు." ఇందులో టూల్ పేరు లేదు, ఫంక్షన్ పేరు లేదు. నిజంగా మనం ఏజెంట్‌తో మాట్లాడేది ఇలాగే కాబట్టి ఎక్కువ పనులు ఈ రకంలోనే ఉండాలి.

సరిహద్దు పనులు. రెండు టూల్స్‌కూ దగ్గరగా ఉండేవి. "కమీషన్ శాతం ఎక్కడెక్కడ వాడుతున్నాం?" అంటే సెర్చ్ కోడా, ఫైండ్ సింబలా? మీ టూల్స్‌లో దగ్గరి జంట ఒక్కోదానికి కనీసం రెండు పనులు రాయండి. ఒకటి ఇటు మొగ్గాలి, ఒకటి అటు.

వద్దనాల్సిన పనులు. ఏ టూల్ అవసరం లేనివి, ఒక ఫలానా టూల్ ముట్టకూడనివి. "క్వింటాల్‌ను కిలోలకు మార్చే సూత్రం చెప్పు" అంటే డేటాబేస్ తెరవాల్సిన పని లేదు. "పాత డేటా వల్ల టెస్టు ఫెయిల్ అవుతోందేమో చూడు" అంటే క్వెరీ చేయాలి, రీసెట్ చేయకూడదు. చాలామంది ఈ రకం రాయరు. రాయకపోతే "ప్రతిదానికీ నన్నే వాడు" అని అరిచే వివరణకే ఎక్కువ మార్కులు పడతాయి.

వరస పనులు. వెతికి, చదివి, మార్చి, టెస్టు నడపాల్సినవి. ఫైల్ చదవకుండా మార్చిందా, మార్చాక టెస్టు నడిపిందా అన్నవి ఇక్కడ తేలతాయి.

ప్రతి పని పక్కన, రన్ మొదలుపెట్టక ముందే, మూడు గడులు నింపండి: ఒప్పుకునే టూల్స్, ఒప్పుకోని టూల్స్, ఆర్గ్యుమెంట్లలో తప్పక ఉండాల్సినవి. "ఒప్పుకునే" గడిలో ఒకటికంటే ఎక్కువ ఉండొచ్చు. ఊరికి రెండు దార్లున్నప్పుడు ఒకటే సరైందని పట్టుబడితే మంచి రన్‌ను తప్పుగా లెక్కేస్తారు. రన్ చూశాక నింపితే మాత్రం మనసు ఏజెంట్ వైపే మొగ్గుతుంది.

రెండు జాగ్రత్తలు. పనిలోని మాటలు వివరణలోంచి ఎత్తుకోవద్దు. వివరణలో "నిర్వచనం కనుగొను" అని ఉండి, పనిలోనూ "నిర్వచనం కనుగొను" అని రాస్తే అది మాటలు జతపరిచే ఆట. రెండోది, ముప్పైలో పది పనులు పక్కన దాచండి. వాటిని చివరిదాకా నడపొద్దు, వాటిని చూసి వివరణ మార్చొద్దు.

## 5. నడపడం

మొదటి విడత ఉన్న వివరణలతోనే. రెండోది వివరణ వాక్యాలన్నీ తీసేసి, పేర్లు, స్కీమా మాత్రమే ఉంచి. ఈ రెండో విడత వింతగా అనిపించొచ్చు గానీ చాలా చెబుతుంది. ఆ వాక్యాలు లేకపోయినా ఏజెంట్ అంతే బాగా ఎంచుకుంటే పేరే మొత్తం పని చేస్తోందన్నమాట. మీరు రాసిన పది వాక్యాలు ప్రతి సంభాషణలో టోకెన్లు (మోడల్ మాటలను చదివే ముక్కలు) తినడం తప్ప ఏమీ చేయడం లేదు.

ఒక్కో పనిని ఐదుసార్లు నడపండి. అదే పని, అదే వివరణ, అయినా ఏజెంట్ ఒకసారి ఒక దారి, ఇంకోసారి ఇంకో దారి పడుతుంది. ఐదుకు ఐదూ సరైతేనే "నమ్మొచ్చు" అనే కఠినమైన లెక్క కూడా పెట్టుకోండి. విడివిడిగా 90 శాతం సరిగ్గా వచ్చే పని, ఐదుకు ఐదూ సరిగ్గా వచ్చే అవకాశం దాదాపు 59 శాతమే. "నిన్న బాగానే చేసింది కదా" అనే ఫిర్యాదు వెనక ఉన్నది చాలాసార్లు ఈ లెక్కే.

ఖర్చు తగ్గించుకోవాలంటే ఎంపిక పరీక్షల్లో టూల్స్‌ను నిజంగా నడపకుండా ముందే రాసిపెట్టిన జవాబులు తిరిగివ్వండి. వరస పనులకు మాత్రం అసలు టూల్స్ కావాల్సిందే.

## 6. లాగ్‌కు మార్కులు వేయడం

ప్రతి రన్‌కు ఐదు గడులు:

- ఎంపిక: అవసరమైన టూల్‌ను పిలిచిందా?
- అతి: అవసరం లేనివి ఎన్ని పిలిచింది?
- విలువలు: ఆర్గ్యుమెంట్లు సరైనవా, లేక ఎర్రర్ వచ్చాక దిద్దుకుందా?
- వరస: చదవకముందే మార్చిందా?
- ఫలితం: పని పూర్తయిందా?

తర్వాత ఒక పట్టిక గీయండి. అడ్డంగా కావాల్సిన టూల్, నిలువుగా ఏజెంట్ పట్టుకున్న టూల్. తప్పులు ఎక్కడో ఒకటి రెండు గడుల్లో కుప్పపడతాయి. మా మొదటి పట్టికలో సగానికి పైగా తప్పులు ఫైండ్ సింబల్ కావాల్సిన చోట సెర్చ్ కోడ్ పట్టుకున్నవే. ఎక్కడ మొదలుపెట్టాలో దాంతో తేలిపోయింది.

ఫెయిలైన ప్రతి లాగ్‌నూ కళ్లతో చదవండి. ఇంకో మోడల్‌తో మార్కులు వేయించుకోవచ్చు గానీ, మొదటి విడత మీరే చదవాలి. ఎందుకంటే ప్రతి తప్పూ వివరణది కాదు. సరైన టూల్, సరైన విలువలు, అయినా ఫలితం రాలేదంటే టూల్‌లోనే బగ్ ఉండొచ్చు. పని వాక్యమే మీకే అర్థం కానట్టు ఉండొచ్చు. ఇలాంటివి వేరు చేయకుండా వివరణను దిద్దుతూ పోతే, చెప్పు కరిచిన చోటు వదిలి ఇంకెక్కడో మందు రాసినట్టే.

## 7. తరచుగా కనిపించే తప్పులు, వాటికి మందు

సరిహద్దు చెప్పకపోవడం. సెర్చ్ కోడ్‌కు "కోడ్‌లో వెతుకుతుంది" అని, ఫైండ్ సింబల్‌కు "సింబల్ కోసం కోడ్‌లో వెతుకుతుంది" అని రాసుకున్నాం. ఎర్రగడ్డ, తెల్లగడ్డ కథే. మార్చాక: "పేరు తెలిసిన ఫంక్షన్ లేదా క్లాస్ ఎక్కడ నిర్వచించారో చూపుతుంది. కామెంట్లలో, స్ట్రింగుల్లో మాటలు వెతకదు, వాటికి సెర్చ్ కోడ్ వాడాలి." అవతలి టూల్ వివరణలోనూ ఇదే గీత రాయండి. గట్టు ఒకరి చేను వైపు మాత్రమే కనిపిస్తే గొడవ తీరదు.

కొలమానం రాయకపోవడం. మాకు బాగా దెబ్బ తగిలింది ఇక్కడే. క్వెరీ డీబీలో "వెయిట్" అని ఒక ఆర్గ్యుమెంట్ ఉండేది. కిలోలా, క్వింటాళ్లా, బస్తాలా? బస్తా అంటే ఉల్లికి ఒక తూకం, బుడ్డలకు ఇంకో తూకం. ఏజెంట్ ఒక్కో రన్‌లో ఒక్కోటి అనుకుంది. ఎర్రర్ రాదు, తప్పు లెక్క వస్తుంది. పక్కన వివరణ రాసేకంటే పేరునే "వెయిట్ కేజీ" అని మార్చాం, ఆ రకం తప్పు మళ్లీ కనపడలేదు. తేదీ రూపం, లైన్ నంబర్ 0 నుంచా 1 నుంచా, ఫైల్ దారి పూర్తిదా రిపో నుంచా అన్నవీ ఈ కోవలోవే. విలువలు నాలుగైదే అయితే ఏదైనా రాయగలిగే స్ట్రింగ్‌గా వదలకుండా స్కీమాలోనే ఎనమ్‌గా (ఒప్పుకునే విలువల జాబితాగా) ఇవ్వండి.

అరుపులు. "తప్పనిసరి", "ఎప్పుడూ ముందు ఇదే వాడాలి" అని రాస్తే ఎంపిక గడిలో మార్కులు పెరుగుతాయి, అతి గడిలో అనవసరపు పిలుపులు కూడా పెరుగుతాయి. రన్ టెస్ట్స్‌కు అలా రాసినప్పుడు, రీడ్‌మీలో అక్షరదోషం దిద్దమన్నా మొత్తం టెస్టులు నడిపింది. ఎప్పుడు వాడాలో సందర్భం చెప్పండి: "పైథాన్ ఫైల్ మార్చిన తర్వాత నడపాలి."

వద్దని చెప్పి ఊరుకోవడం. "పెద్ద ఫైళ్లకు వాడొద్దు" అంటే మరి ఏం చేయాలి? "500 లైన్లు దాటితే మొదటి లైన్, చివరి లైన్ ఇచ్చి భాగాలుగా చదువు" అనండి.

ఉదాహరణ అంటుకోవడం. వివరణలో ఒకే ఒక ఉదాహరణగా "లాట్ 101" అని ఇచ్చాం. లాట్ నంబర్ చెప్పని పనుల్లో ఏజెంట్ 101 పెట్టేసి క్వెరీ చేసింది. కనీసం రెండు వేర్వేరు ఉదాహరణలు ఇవ్వండి, "నంబర్ తెలియకపోతే ముందు జాబితా అడుగు" అని చేర్చండి.

తిరిగొచ్చేది చెప్పకపోవడం. సెర్చ్ కోడ్ మొదటి 50 ఫలితాలే ఇచ్చేది. ఆ సంగతి ఎక్కడా లేదు. ఏజెంట్ ఆ 50 చోట్ల పేరు మార్చి "అన్నీ అయిపోయాయి" అంది. పరిమితిని వివరణలో రాయండి, ఫలితం చివర కూడా "ఇంకా ఉన్నాయి, తర్వాతి పేజీ అడుగు" అని వచ్చేలా చేయండి. ఎర్రర్ సందేశాలూ అంతే. "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" అంటే ఏజెంట్ అదే విలువను మళ్లీ మళ్లీ పంపుతుంది. "తేదీ 2025-03-14 రూపంలో ఇవ్వాలి" అంటే రెండోసారికి దిద్దుకుంటుంది.

వివరణను తాళం అనుకోవడం. రీసెట్ డీబీకి "యూజర్ అడిగితేనే" అని ఎంత గట్టిగా రాసినా అది మాట మాత్రమే. ఎంసీపీలో "డిస్ట్రక్టివ్ హింట్" లాంటి గుర్తులు ఉన్నాయి గానీ, పేరులోనే ఉన్నట్టు అవి సూచనలే, కాపలా కాదు. తుడిచే టూల్‌కు మనిషి అనుమతి అడిగే ఏర్పాటు కోడ్‌లో ఉండాలి. పరీక్షలో ఒక్కసారి కూడా తుడవలేదని ధైర్యపడొద్దు. 30 రన్లలో సున్నా తప్పులు వచ్చినా, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది తప్పు రేటు సుమారు 10 శాతం లోపు ఉందని మాత్రమే.

## 8. ఒక మార్పు, ఒక విడత

ఒకసారికి ఒక టూల్‌లో ఒక మార్పే చేయండి. మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. పాత వివరణ, కొత్త వివరణ రెండింటినీ అవే పనుల మీద నడిపి, ఏ పని తప్పు నుంచి ఒప్పుకు వచ్చిందో, ఏది ఒప్పు నుంచి తప్పుకు జారిందో పేరు పేరునా రాసుకోండి. మొత్తం శాతంకంటే ఈ జాబితా ఎక్కువ చెబుతుంది.

25 రన్లలో 20 సరైనవి 22 అయ్యాయంటే సంబరపడకండి, అంత ఊగిసలాట మార్పు ఏమీ చేయకపోయినా వస్తుంది. అనుమానంగా ఉన్న పనులను మాత్రం ఇరవైసార్లు నడిపి చూడండి.

పక్క టూల్ గడులు కూడా చూడాలి. ఫైండ్ సింబల్ వివరణ బాగుచేశాక అది సెర్చ్ కోడ్ పనులు కొన్ని లాక్కుంది. ఒక చేనుకు నీళ్లు తిప్పితే పక్క చేను ఎండినట్టు. గీత వాక్యం రెండోవైపు కూడా రాశాకే కుదురుకుంది.

తెలుగులో వివరణలు రాయొచ్చా అని అనంతపురం నుంచి ఒకరు అడిగారు. రాయొచ్చు, మోడల్‌కు అర్థమవుతుంది. కాకపోతే అదే భావానికి తెలుగు లిపి సాధారణంగా ఎక్కువ టోకెన్లు తీసుకుంటుంది, వివరణలు ప్రతి సంభాషణలోనూ వెళ్తాయి. నేనైతే వివరణ ఇంగ్లీషులో ఉంచి, పరీక్ష పనుల్లో కొన్నింటిని తెలుగులో, కొన్నింటిని ఇంగ్లీషు లిపిలో రాసిన తెలుగులో పెడతాను. మన టీముల్లో ఏజెంట్‌కు వెళ్లే మాటలు అలాగే ఉంటాయి కదా.

## 9. మార్పును అసలు కోడ్‌లో కలిపే ముందు చూసుకోవాల్సినవి

- దాచిన పది పనులు ఇప్పుడు, ఒక్క విడతే నడిపారా? వాటిలో పడిపోతే మిగతా ఇరవై పనులకు సరిపడా వివరణ కుట్టుకున్నారని అర్థం. ఆ పదినీ మామూలు పనుల్లో కలిపేసి, దాచడానికి కొత్త పది రాయండి.
- తీసేసినా ఫలితం మారని వాక్యాలు తీసేశారా?
- వివరణలు, పనులు, మార్కుల పట్టిక గిట్‌లో కోడ్ పక్కనే ఉన్నాయా?
- మోడల్ వెర్షన్ మారినా, కొత్త టూల్ ఒక్కటి చేరినా మళ్లీ నడిపే బాధ్యత ఎవరిదో రాసుందా?
- బయటివాళ్ల ఎంసీపీ సర్వర్ వాడుతుంటే, వాళ్లు వివరణ మార్చినప్పుడు మీకు తెలిసే ఏర్పాటు ఉందా? దించిన జాబితాను రోజూ పాతదాంతో పోల్చే చిన్న స్క్రిప్ట్ చాలు. మాది పన్నెండు లైన్లు.